ఊరికే వెళ్ళారంట

మా అమ్మకి వాట్సాప్‌లో ఒక అలవాటుంది. ఎవరైనా ఫోటోలు పంపితే ఒక్కోటీ తెరిచి, రెండు వేళ్ళతో పెద్దది చేసి, మూలమూలలా చూస్తుంది. మనుషుల్ని కాదు, వాళ్ళ వెనకాల ఏముందో చూస్తుంది. ఆ ఆదివారం మా పెద్దమ్మ ఫార్వర్డ్ చేసిన 64 ఫోటోలూ అలాగే చూసి, నాకు హాస్టల్‌కి ఫోన్ చేసింది.

"ఏమే, మీ అక్కా బావా ఏదో ఊరెళ్ళారంట గదా."

"బార్సిలోనా అమ్మా. స్పెయిన్‌లో."

"అక్కడ మనోళ్ళెవరున్నారు?"

"ఎవరూ లేరు."

"ఆఫీసు పనా?"

"కాదు."

"మరెందుకెళ్ళారు?"

"ఊరికే అమ్మా. చూసొద్దామని."

అవతల కాసేపు మాట లేదు. గేదె అరుపు మాత్రం వినిపించింది. తర్వాత అమ్మ "ఊరికేనా" అంది. వెక్కిరింపు కాదు, కోపం కాదు. షాపులో ఒక చీర ధర అడిగి, విని, మళ్ళీ మడతపెట్టి ఇచ్చేసేటప్పుడు ఒక గొంతు వస్తుంది చూడండి, ఆ గొంతు.

ఈ సంచికకి క్లబ్ వాళ్ళు "ప్రయాణం" అని టాపిక్ ఇచ్చారు. మనాలీ ట్రిప్ గురించీ, గోవా ఇండస్ట్రియల్ టూర్ గురించీ (అందులో ఇండస్ట్రీ ఎక్కడుందో నాకిప్పటికీ తెలీదు) ఎలాగూ నలుగురు రాస్తారు. నేను ఆ "ఊరికేనా" గురించి రాద్దామనుకున్నా. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. ల ఎక్కడ, ళ ఎక్కడ అనేది నాకు ఇప్పటికీ లాటరీయే. తప్పులుంటే ఎడిటర్ అక్క దిద్దుకుంటుంది.

ముందు అక్కా బావల సంగతి. వాళ్ళు జర్మనీలో, మ్యూనిక్‌లో ఉంటారు. ఇద్దరూ సాఫ్ట్‌వేరే. బావ క్లయింట్ అమెరికాలో, అక్క టీమ్ బెంగళూరులో. అంటే ఈమె మీటింగులు అయ్యేసరికి ఆయన మీటింగులు మొదలవుతాయి. ఒకే ఇంట్లో రెండు టైమ్ జోన్లు. ఒక సోమవారం సెలవు కలిసొచ్చింది, మొత్తం మూడు రోజులు. రెండు గంటల ఫ్లైట్. బావ ఎక్సెల్ షీట్ తయారు చేశాడు. 14 చోట్లు, ఒక్కోదానికి టైమ్, టికెట్ నంబర్, మెట్రో స్టేషన్ పేరు, ఆఖరి కాలమ్‌లో "డన్" అని టిక్ పెట్టుకోవడానికి ఖాళీ. మన ల్యాబ్ రికార్డు కూడా ఇంత నీటుగా ఉండదు.

అన్నిటికంటే పెద్ద టిక్ సగ్రాడా ఫమీలియా చర్చికి. దాన్ని కట్టడం 1882లో మొదలైంది. మరుసటి ఏడాదే గౌడీ అనే ఆర్కిటెక్ట్ చేతికొచ్చింది. ఆయన 43 ఏళ్ళు దాని పని చూసి, 1926లో ట్రామ్ గుద్ది చనిపోయాడు. ఆయన పోయాక కూడా పని ఆగలేదు, ఇంకా నడుస్తూనే ఉంది. ఫోటోలో గోపురాల పక్కన క్రేన్లు కనిపిస్తాయి. అమ్మ చూసింది గోపురాల్ని కాదు, ఆ క్రేన్లని.

"ఇంకా కడతానే ఉన్నారా?"

"నూట నలభై ఏళ్ళు దాటింది అమ్మా."

"ఇదిగో, ఇన్నారా," అని నాన్నని పిలిచింది. "దేవుడి గుడికే నూట నలభై ఏళ్ళంట. మన మేడకి ఇంకా టైముంది."

మా మేడ 2017లో మొదలైంది. ఇప్పటికీ నాలుగు పిల్లర్లు, వాటి నెత్తిన తుప్పు పట్టిన చువ్వలు. పెనుబల్లి చుట్టుపక్కల సగం ఇళ్ళ నెత్తిన ఇలాంటి చువ్వలే ఉంటాయి. అందరి పైకప్పు మీదా ఒక ఆశ అలా నిలబడి ఉంటుంది. మామిడి బాగా కాస్తే స్లాబ్, లేకపోతే వచ్చే ఏడాది.

చర్చి లోపలి స్తంభాలు పైకి వెళ్ళేకొద్దీ చెట్టు కొమ్మల్లా చీలతాయట. తూర్పు పక్క అద్దాలు నీలం, ఆకుపచ్చ. పడమటి పక్కవి ఎరుపు, నారింజ. పొద్దున ఒక రంగు వెలుగు, సాయంత్రం ఇంకో రంగు. అక్క అది చెప్తుంటే నాకు ఎండాకాలం మా మామిడి తోటలో మధ్యాహ్నం గుర్తొచ్చింది. గౌడీ కూడా చెట్లని చూసే ఆ స్తంభాలు గీశాడట, కాబట్టి నా పోలిక మరీ పల్లెటూరి పోలిక ఏం కాదు.

పార్క్ గుయెల్ అని ఇంకోటి ఉంది. అక్కడ పాములా వంకర్లు తిరిగిన పెద్ద సిమెంటు బెంచీ, దాని నిండా పగిలిన టైల్స్ ముక్కలు అతికించి ఉంటాయి. అమ్మ ఆ ఫోటోని చాలాసేపు పెద్దది చేసి చూసిందట. మా వాకిట్లో కూడా అంతే. సత్తుపల్లిలో టైల్స్ షాపు వాళ్ళు పారేసే ముక్కలు నాన్న గోతాంలో తెచ్చి పరిచాడు. "మనది టికెట్ లేకుండానే చూడొచ్చు," అంది అమ్మ.

ఆ ఊరి పేరు మా ఇంట్లో కొత్తది కాదు. 2013లో అల్లు అర్జున్ "ఇద్దరమ్మాయిలతో" వచ్చింది, కథ చాలావరకు బార్సిలోనాలోనే జరుగుతుంది. మా ఇంట్లో ఆ సినిమా టీవీలో ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. పాట మొదలవగానే హీరో హీరోయిన్లు ఏ దేశంలోనైనా తేలతారు. ఎందుకెళ్ళారని ఎవరూ అడగరు. నానమ్మ కూడా అడగదు. తెర మీద ఇద్దరు మనుషులు ఊరికే ఊళ్ళు తిరిగితే మనకి ఏ అభ్యంతరమూ లేదు. ఆ ఇద్దరికీ నలభై దాటి, ఆ ఊళ్ళో మనకి తెలిసిన ఇంటి నంబరు ఉంటేనే అభ్యంతరం.

ఇప్పుడు నా అసలు మాట. మన ఊళ్ళలో ప్రయాణానికి కారణం కావాలి. పెళ్ళి, చావు, మొక్కు, ఆస్పత్రి, కోర్టు, పిల్లల అడ్మిషన్. వీటిల్లో ఒకటి చూపిస్తేనే గేటు దాటనిస్తారు. మా అమ్మా నాన్నలకి పెళ్ళై 21 ఏళ్ళు. ఈ 21 ఏళ్ళలో ఇద్దరూ కలిసి చేసిన ప్రయాణాలు నేను ఒక రోజు కూర్చుని లెక్కపెట్టాను. నా పుట్టెంట్రుకలకి తిరుపతి, తొమ్మిది మందితో. నానమ్మ ఆపరేషన్‌కి విజయవాడ, పదకొండు రోజులు, ఆస్పత్రి వరండాలో. నన్ను కాలేజీలో చేర్చడానికి హైదరాబాద్, ఒక ట్రంకు పెట్టె, రెండు బకెట్లు, నాతో. ఏటా శివరాత్రికి నీలాద్రి, ట్రాక్టర్ మీద. లెక్కలేనన్ని పెళ్ళిళ్ళు. ఇక భద్రాచలం.

భద్రాచలం అంటే మాకు దూరం కాదు. విజయవాడ నుంచి జగ్దల్‌పూర్ వెళ్ళే హైవే తిరువూరు దాటి, పెనుబల్లి మీదుగానే కొత్తగూడెం, పాల్వంచ, భద్రాచలం పోతుంది. నిలబడి చెయ్యెత్తితే బస్సు. అయినా మా వాళ్ళు వెళ్ళిన ప్రతిసారీ తుఫాన్ బండిలో పద్నాలుగు మంది, ఒక చంటిపిల్ల, ఒక వాంతుల కవరు, పులిహోర డబ్బా. అమ్మ ఎప్పుడూ వెనక సీట్లో ఆడవాళ్ళతో, నాన్న ఎప్పుడూ ముందు డ్రైవర్ పక్కన. గుళ్ళో కూడా లైన్లు వేరైపోతాయి. దర్శనమయ్యాక "అందరూ వచ్చారా" అని తలకాయలు లెక్కపెట్టుకుని తిరిగి బండెక్కడమే. గోదావరిని చూసేది వంతెన మీద బండి వెళ్ళే ఆ రెండు నిమిషాలే. అప్పుడు కూడా చూడరు, చిల్లర వెతుక్కుని నీళ్ళలోకి విసురుతారు.

నాన్న ఫోన్‌లో ఫోటోలన్నీ ఒకసారి వెతికాను. రెండు వేల పైనే ఉన్నాయి. కాయ, పూత, తెగులు పట్టిన ఆకు, ట్రాన్స్‌ఫార్మర్, ఎవరిదో పెళ్ళి. అందులో వాళ్ళిద్దరే ఉన్న ఫోటో ఒక్కటి దొరికింది. మేడ కోసం లోన్ ఫారానికి అతికించిన జాయింట్ ఫోటో.

"డబ్బులుండాలి కదా" అని మీరంటారని తెలుసు. నేనూ అదే అనుకున్నాను. అక్కా బావలకి ఆ మూడు రోజులకి అన్నీ కలిపి 700 యూరోలైందట. అమ్మ వెంటనే లెక్క కట్టింది, "నీ సెమిస్టర్ ఫీజంత" అని. ఆ మాటకి నేను చాలాసేపు ఏం మాట్లాడలేదు. నిజమే కదా. మా వాళ్ళు ఎక్కడికీ వెళ్ళకపోవడానికి ఒక కారణం ఇక్కడ కూర్చుని డేటా స్ట్రక్చర్స్‌లో రెండోసారి సప్లీ రాసింది. కానీ నేను బార్సిలోనా గురించి కాదు మాట్లాడేది. భద్రాచలం వెళ్ళి ఒక రాత్రి ఉండి రావడానికి ఎంత? 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకి ఛార్జీ లేదు. ఆధార్ చూపిస్తే కండక్టర్ జీరో టికెట్ ఇస్తాడు. అంటే నాన్న ఒక్కడికే టికెట్. రూమ్, భోజనం, పర్ణశాలకి ఆటో, అన్నీ కలిపినా మూడు వేలు దాటదు. మా నాన్న ఏడాదికి మోటార్ వైండింగ్‌కి ఇంతకంటే ఎక్కువ తగలేస్తాడు.

రెండో కారణం గేదెలు. ఇది మీరు నవ్వకుండా వినాలి. రెండు పూటలా పాలు తీయాలి. వేరే మనిషి చెయ్యి పడితే మా నల్లగేదె చేపదు. ఎంత దూడని వదిలినా మొండికేస్తుంది. కాబట్టి అమ్మ రాత్రిపూట ఇంటి బయట ఉండడమంటే పాలవాడికి చెప్పాలి, బాబాయి వాళ్ళ ఇంటికి చెప్పాలి, గేదెకి కూడా చెప్పాలి. బావ ఎక్సెల్ షీట్‌లో ఈ కాలమ్ లేదు. అయినా ఎవరైనా పోయారని ఫోన్ వస్తే అదే గేదె, అదే బాబాయి, అరగంటలో అన్నీ సర్దుకుంటాయి. చావుకి సర్దుకునే గేదె సరదాకి ఎందుకు సర్దుకోదు? గేదెది తప్పు కాదని నా అభిప్రాయం.

తప్పు చాలావరకు మాలాంటి పిల్లలది. ఇది రాయాలా వద్దా అని రెండు రోజులు ఆగాను.

నేను ఇంటర్ సెకండియర్‌లో ఉండగా మా వీధిలో ఒకళ్ళు పాపికొండలు వెళ్ళొచ్చారు. లాంచీ మీద తీసిన వీడియో చూపించారు. రెండు వైపులా కొండలు దగ్గరికొచ్చి గోదావరి సన్నబడే చోటు. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర లాంచీ మునిగినప్పటి నుంచి మా ఇంట్లో ఆ పేరెత్తితేనే భయం. అలాంటిది అమ్మ ఆ వీడియో రెండుసార్లు చూసి, వంటింట్లో బియ్యం ఏరుతూ, ఎవరితోనో అన్నట్టు అంది, "మీ నాన్నా నేనూ ఒకసారి వెళ్ళొస్తే బాగుండు" అని. ఆ రోజు మా ఇంట్లో చుట్టాలున్నారు, పిన్ని కూతుళ్ళున్నారు. నేను టక్కున అన్నాను, "ఏంటమ్మా, ఇప్పుడు హనీమూనా మీకు?"

అందరూ నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. నాన్న లేచి తోటకి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆ మాట మా ఇంట్లో ఇంకెప్పుడూ రాలేదు. నేను జోకే వేశాను. కానీ ఒక మనిషి ఇరవై ఏళ్ళకి ఒకసారి "నాకు ఫలానాది కావాలి" అంటే, ఆ ఒక్కసారీ జోకు వేసింది నేనే. పైగా అప్పటికే నాకు ఇన్‌స్టాలో "కపుల్ ట్రావెల్" పేజీలు మూడు ఫాలో. ఎవరెవరో ఐస్‌లాండ్‌లో చేతులు పట్టుకుని నడిస్తే లైక్ కొట్టే నాకు, మా అమ్మా నాన్నా లాంచీలో పక్కపక్కన కూర్చుంటే చూడడానికి సిగ్గేసింది. ఎవరి సిగ్గది? నాది. దాన్ని వాళ్ళ నెత్తిన పెట్టాను.

పోలవరం పూర్తయి నిండితే గోదావరి ఒడ్డున చాలా ఊళ్ళు మునుగుతాయి. ఎప్పుడు వెళ్ళినా అవే ఒడ్లు కనపడతాయని లేదు. అమ్మ మోకాళ్ళ సంగతి కూడా అంతే.

నా రూమ్మేట్‌ది కళ్యాణదుర్గం వైపు పల్లెటూరు. బార్సిలోనా పేరు వినగానే "మా ఫెర్రర్ సార్ ఊరు" అంది. నాకు తెలీదు, సిగ్గుపడ్డాను. విన్సెంట్ ఫెర్రర్ 1920లో బార్సిలోనాలో పుట్టాడు, 1952లో మన దేశానికి వచ్చాడు, 1969లో అనంతపురం చేరి అక్కడే ఉండిపోయి, 2009లో అక్కడే చనిపోయాడు. భార్య ఆన్ ఫెర్రర్‌తో కలిసి ఆయన పెంచిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ ఆ జిల్లాలో బళ్ళు, ఆస్పత్రులు, ఇళ్ళు కట్టించింది. స్పెయిన్‌లో వేల కుటుంబాలు ఒక్కో పిల్లని స్పాన్సర్ చేస్తాయి. కొందరు ఆ పిల్లల్ని చూడ్డానికి అనంతపురం దాకా వస్తారు. మనం సెల్ఫీ కోసం వాళ్ళ ఊరెళ్తే, వాళ్ళు వేరుశనగ చేలు చూడ్డానికి మన కరువు జిల్లాకి వస్తున్నారన్నమాట.

నా రూమ్మేట్ ఆరో క్లాసులో ఉండగా వాళ్ళ ఊరికి అలా ఒక జంట వచ్చారట. ఇద్దరికీ అరవై దాటి ఉంటాయి. ఎండలో, టోపీలు పెట్టుకుని, చేతులు పట్టుకుని ఊరంతా నడిచారట. పిల్లలంతా వెనకాల నవ్వుకుంటూ వెళ్ళారు. మొదటి రోజు ఆడవాళ్ళు కూడా కొంగులు నోటికడ్డం పెట్టుకున్నారు. మూడో రోజుకి ఎవరూ నవ్వలేదంట, అలవాటైపోయింది. "వాళ్ళు వెళ్ళిపోయాక మా అమ్మ అంది, ముసలాయన ఆమె చెప్పు ఊడితే వంగి తీసిచ్చాడు చూశావా అని," అంది నా రూమ్మేట్. తెల్లవాళ్ళకి మూడు రోజుల్లో అలవాటు పడ్డ ఊరు, సొంత ఊరి మొగుడూ పెళ్ళాలకి అలవాటు పడడానికి ఎన్ని రోజులు పడుతుంది?

నేను ఇక్కడ టూరిజం ప్రచారం చేయట్లేదు. బార్సిలోనా జనాభా 16 లక్షల దాకా ఉంటుంది, టూరిస్టులు అంతకి ఎన్నో రెట్లు వచ్చి పడుతున్నారు. ఇంటి అద్దెలు పెరిగిపోయి అక్కడి వాళ్ళే ఊరు వదలాల్సి వస్తోందని గోల. 2024 జూలైలో వేలమంది వీధుల్లోకి వచ్చారు. కొందరు హోటళ్ళ బయట కూర్చుని తింటున్న టూరిస్టుల మీద నీళ్ళ తుపాకులు కొట్టారు. టూరిస్టులకి అద్దెకిచ్చే పదివేలకు పైగా ఫ్లాట్ల లైసెన్సులు 2028 చివరికల్లా తీసేస్తామని మేయర్ ప్రకటించాడు. అక్క ఒక గోడ మీద "టూరిస్టులూ, ఇంటికి పోండి" అని రాసుంటే చూసిందట. దాని ముందు కూడా బావ ఫోటో దిగాడు, ఆ ఫోటో 41వది.

14 చోట్లకి టిక్కులు పెట్టే ట్రిప్ మీద నాకు అంత మోజు లేదు. అక్కకే లేదు. పెద్దమ్మకి పంపిన 64 ఫోటోల్లో లేని సంగతి ఒకటి అక్క నాకు మాత్రం చెప్పింది. ఫోటోల కోసం కొత్త షూస్ కొనుక్కుంది. రెండో రోజు మధ్యాహ్నానికి మడమలు రెండూ బొబ్బలెక్కాయి. అడుగు పడలేదు. బావ షీట్‌లో అప్పటికి ఏడు టిక్కులే. ఇద్దరూ బార్సిలోనెటా బీచ్ దగ్గర ఒక బెంచీ మీద కూలబడ్డారు. బావ మొదట అరగంట ఫోన్‌లో షీట్ మార్చుతూ కూర్చున్నాడట, తర్వాత ఫోన్ జేబులో పెట్టేశాడట. నాలుగింటికి కూర్చున్నవాళ్ళు ఏడింటికి లేచారు. ఏం మాట్లాడుకున్నారని అడిగా. "ఏమీ లేదే. వాళ్ళ తాతయ్య గురించి చెప్పాడు. పెళ్ళై మూడేళ్ళైంది, వాళ్ళ తాతయ్యకి ఒక కన్ను కనపడదని నాకు అప్పుడే తెలిసింది," అంది.

ఆ మూడు గంటలకి ఒక్క ఫోటో లేదు. నాకు ఆ ట్రిప్‌లో నచ్చింది ఆ మూడు గంటలే. మా అమ్మా నాన్నలకి కూడా అలాంటి బెంచీ ఒకటి కావాలి. నిజానికి దానికి స్పెయిన్ అక్కర్లేదు, మా మండలంలోనే లంకాసాగర్ చెరువు ఉంది, దానికి కట్ట ఉంది, కట్ట మీద సాయంత్రం గాలి ఉంది. కానీ ఊరికి దగ్గరైతే ఎవరో ఒకరు బండి ఆపి "ఏంటి, ఇక్కడ కూర్చున్నారు? ఏమైంది?" అని అడుగుతారు. నిజంగానే కంగారుగా అడుగుతారు, ఎగతాళిగా కాదు. మొగుడూ పెళ్ళాలు చెరువు కట్ట మీద ఊరికే కూర్చున్నారంటే ఏదో జరిగుండాలి కదా మరి. అందుకే కాస్త దూరం కావాలి.

దసరా సెలవుల్లో నేను ఈ విషయం ఇంట్లో ఎత్తాను. భద్రాచలం వెళ్ళండి, ఒక రాత్రి ఉండండి, పర్ణశాల చూడండి, మీరిద్దరే. నాన్న మొదటి జవాబు: "నువ్వు కూడా రా." నేను రానన్నాను. అయితే తమ్ముడిని తీసుకెళ్తాం అన్నాడు. వద్దన్నాను. నాన్న చాలా మామూలుగా, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగాడు, "మేమిద్దరమే వెళ్ళి ఏం చేస్తామే?"

నా దగ్గర జవాబు లేదు. 21 ఏళ్ళ సంసారంలో పాలు, ఫీజులు, మోటారు, లోను, నానమ్మ మందులు కాకుండా ఇద్దరికీ మాట్లాడుకోవడానికి ఏముంటుందో నాకూ తెలీదు.

అమ్మ జవాబు ఇంకా గట్టిది. "రాముడూ సీతా అడవికెళ్తేనే ఇద్దరే వెళ్ళలేదు. లక్ష్మణుడు వెంటున్నాడు." ఈ పాయింట్ మీద నేను ఓడిపోయానని ఒప్పుకుంటున్నా. లక్ష్మణుడు లేని సమయంలో ఏం జరిగిందో కూడా పర్ణశాలలో బొమ్మలు పెట్టి మరీ చూపిస్తారు.

అలా ఆ విషయం అక్కడితో ఆగిపోయింది. నవంబర్ ఆఖర్లో అమ్మ ఫోన్.

"వచ్చే శనివారం భద్రాచలం పోతున్నాం. ముక్కోటి అయితే జనం. ఇప్పుడైతే ఖాళీగా ఉంటది."

"ఎవరెవరు?"

"మీ నాన్నా, నేను."

"ఇంకా?"

"ఇంకెవరే. నీకు పరీక్షల మొక్కుంది గదా."

"నాకే మొక్కూ లేదమ్మా."

"నేను మొక్కుకున్నాలే. సప్లీ పోవాలని. మీ నానమ్మకి ఏదో ఒకటి చెప్పాలి గదా. పాలకి మీ పిన్ని వస్తనంది. రెండ్రోజుల నుంచి నాతోపాటు కొట్టంలో కూర్చుంటంది, గేదెకి అలవాటు కావాలని."

శనివారం పొద్దున తొమ్మిదింటికి బస్సెక్కారు. పదకొండున్నర దాటాక అమ్మ ఫోన్ చేసి ఒక్క ముక్క చెప్పింది, "నాకు ఫ్రీ, మీ నాన్నకే టికెట్" అని, నవ్వి పెట్టేసింది. మధ్యాహ్నమంతా ఏ కబురూ లేదు. ఆదివారం పర్ణశాల వెళ్ళాలని ప్లాన్. అది వెళ్ళారో లేదో ఇప్పటికీ తేలలేదు. అడిగితే అమ్మ ఒకటి చెప్తుంది, నాన్న ఇంకోటి.

శనివారం సాయంత్రం ఆరింటికి నాన్న వాట్సాప్‌లో ఒక ఫోటో పంపాడు. భద్రాచలం స్నానాల ఘాట్ దగ్గర గోదావరి నీటిమట్టం కొలిచే స్కేలు. కింద వాయిస్ మెసేజ్. 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది, 1986లో 75.6 వచ్చింది, మొన్న 2022లో 71.3; నీళ్ళు ఇప్పుడు ఎక్కడో కింద ఉన్నాయి, కానీ ఇక్కడ నిలబడి తలెత్తి చూస్తే ఆ నంబర్ ఎంత ఎత్తో అర్థమవుతోంది, అని మొత్తం వివరం చెప్పాడు. నిమిషం నలభై సెకన్లు. మా నాన్న నాతో ఫోన్‌లో ఎప్పుడూ అంతసేపు మాట్లాడలేదు.

ఫోటోలో స్కేలు, నీళ్ళు, ఒక పడవ, అవతలి ఒడ్డు. మనుషులెవరూ లేరు.

"అమ్మేది నాన్నా?" అని టైప్ చేశాను.

బ్లూ టిక్కులు పడ్డాయి. చాలాసేపటికి జవాబొచ్చింది.

"పక్కనే కూర్చుంది. తర్వాత చేస్తాం."